పుల్లన్న మూడో చెయ్యి

మా ఊరి మారెమ్మ కత్తిని మీరు చూసే ఉంటారు. చూడకపోతే ఫోన్ తీసి చూడండి. ఇప్పటికి రెండు లక్షల మంది చూశారట. ఈసారి దేవరకు, అదే మా అమ్మవారి జాతరకు, అనంతపురం నుంచి ఒకాయన కెమెరా భుజాన వేసుకుని వచ్చి, కత్తి మీది గుర్తులను ఒక్కొక్కటే దగ్గరగా చూపిస్తూ అర్థాలు చెప్పాడు. సూర్యుడంటే కుడి నాడి, చంద్రుడంటే ఎడమ నాడి, త్రిశూలమంటే మూడు గుణాలు. ఆఖరున, "బాగా తెరుచుకున్న ఈ కన్ను అమ్మవారి జ్ఞాననేత్రం, వెయ్యేళ్ల నాటి రహస్యం" అన్నాడు. వెనక వీణ కూడా వాయించాడు.

వెయ్యేళ్లంట, వాడి తలకాయ! ఆ కత్తి మొన్న ఉగాది దాకా ఒక బళ్లారి లారీ కింద కమాను పట్టీ.

నా పేరు గంగాధర్. ముప్పై రెండేళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగినవాణ్ణి. నాది పెద్ద నోరని మా ఆవిడ హేమావతి అంటుంది. నిజమే, నిండు బస్సులో ఎనభై మందితో ఒక్కణ్ణే తగాదా పడి గెలిచిన రోజులున్నాయి. కానీ నోరు తెరవాల్సిన చోట మూడుసార్లు మూసుకున్నాను. ఆ మూడుసార్లూ ఈ కత్తి విషయంలోనే. ఆ వీడియోలో కత్తి ఉంది, గుర్తులున్నాయి, మా దేవర కమిటీ ఛైర్మన్ విజయభాస్కర్ నాలుగుసార్లు నవ్వుతూ ఉన్నాడు. గుర్తులు కొట్టిన మనిషి మాత్రం లేదు. ఆమె సంగతి నేను చెప్తాను. కోపం తెచ్చుకోకుండా చెప్పడం నాకు రాదు, ముందే చెప్తున్నాను.

ఆమె పేరు సుబ్బలక్ష్మమ్మ. కమ్మరి పుల్లన్న భార్య. పుల్లన్నను అన్నా అని పిలిచేవాణ్ణి కాబట్టి ఆమె నాకు వదిన. ఉరవకొండ నుంచి విడపనకల్లు పోయే దారిలో మా ఊరు. మా ఇంటికి ఎదురుగానే వాళ్ల కొలిమి. కదిరి దిక్కు నుంచి పెళ్లయి వచ్చినప్పుడు ఆమెకు పంతొమ్మిదేళ్లు. సన్నగా, పొడుగ్గా, మాటకు మాట అప్పజెప్పే మనిషి.

పెళ్లయిన మూడో ఏడు పుల్లన్న ఎద్దులబండి చక్రానికి ఇనుప పట్టా వేస్తుంటే, బండి వాలి కుడి భుజం మీద పడింది. కట్టు కట్టినవాడు ఎముకను వంకరగా అతికించాడు. ఆ తర్వాత ఆ చెయ్యి దేన్నైనా గట్టిగా పట్టుకునేది గానీ భుజం పైకి లేచేది కాదు. చెయ్యి లేవని కమ్మరి ఏం చేస్తాడు? కాలిన ఇనుమును పట్టుకారుతో పట్టేవాడొకడు, సమ్మెట ఎత్తి కొట్టేవాడొకడు ఉంటేనే కొలిమి నడిచేది. సమ్మెట కొట్టే తమ్ముడు అంతకు ముందే బళ్లారి ఫ్యాక్టరీలో చేరిపోయాడు. కట్టు విప్పాక కూడా నాలుగు రోజులు కొలిమి చల్లగానే ఉంది. అయిదో రోజు పొద్దున ఆమె మూడు నెలల బిడ్డను గోనెసంచి మీద పడుకోబెట్టి, కొంగు నడుముకు దోపుకుని, సమ్మెట ఎత్తింది.

వీధి వీధంతా నవ్వింది. "కమ్మరోని పెండ్లాము సమ్మెట పట్టిందంటప్పా, ఇంగ వానలు పడినట్లే!" అని మా నాయనే అరుగు మీద నుంచి గట్టిగా అన్నాడు.

ఆమె తల ఎత్తకుండానే, "పట్టకముందు పడినాయా మామా?" అంది.

మా నాయన గొంగడి దులుపుకుని లోపలికి పోయాడు. నెల తిరక్కుండా ఆ నవ్విన వాళ్లంతా నాగలి కర్రులు, కొడవళ్లు, కలుపు తీసే తొలికలు పట్టుకుని ఆమె ముందు నిలబడ్డారు. నిలబడక ఏం చేస్తారు? చెనిక్కాయ పంట ఎవరి పరువు కోసమూ ఆగదు.

ఇక కత్తి సంగతి. మా ఊళ్లో మారెమ్మ దేవర అయిదేళ్లకొకసారి. అమ్మకు పొట్టేలును బలివ్వడానికి ప్రతి దేవరకూ కొత్త కత్తి కొట్టాలి, పాతదాన్ని అమ్మవారి పాదాల కింద పూడ్చాలి. కత్తి కొట్టే హక్కు పుల్లన్న ఇంటిది. దానికి మొదట పసుపు పూసే హక్కు మా ఇంటిది. మా నాయన కాలం చేశాక ఆ పని నాకొచ్చింది. కాబట్టి ఆ గుర్తులను వేళ్లతో తడిమి చూసినవాడు ఊళ్లో నేనొక్కణ్ణే.

వాటి అర్థం నాకు పుల్లన్న చెప్పాడు. ఒక మధ్యాహ్నం పని లేక కొలిమి ముందు కూర్చుని బీడీ కాలుస్తున్నప్పుడు అడిగాను.

"పిడి కాడ ఉండే సూర్యుడు, సంద్రుడు ఊరోళ్ల మాటప్పా" అన్నాడు. "పాతకాలం మాన్యాలిచ్చిన రాళ్ల మీద సూడు, ఆ రెండే ఉంటాయి. అవి ఉండేంత కాలం మాట తప్పమని. కత్తి పని మీదే, దాని మర్యాద మీదేనని ఊరు మా ఇంటికి మాటిచ్చినాది. త్రిశూలమంటావా, అది అమ్మ పేరు. సంతకమనుకో."

"మరి కన్ను?"

"కన్ను మా ముత్తాత పెట్టినాడు" అని బీడీ ఆర్పి, ఆ కథ చెప్పాడు. ఆ కాలంలో ఇద్దరు అన్నదమ్ములకు ఒక బావి దగ్గర తగాదా. పెద్దవాడు గుళ్లోంచి అమ్మవారి కత్తి తీసుకుపోయి తమ్ముడి మెడ మీద వేశాడు. తెల్లారేసరికి కత్తి కడిగి, పసుపు పూసి, ఉన్న చోటే ఉంది. చేసిందెవరో ఊరందరికీ తెలుసు. అడిగితే మాత్రం ఎవరూ చూడలేదు. తర్వాతి దేవరకు ముత్తాత కత్తి మీద కన్ను కొట్టాడు. ఇదెందుకని పెద్దలు అడిగితే, "మీరెవురూ సూల్యా. కత్తన్నా సూడనీ" అన్నాడట.

అందుకే ఆ కన్ను ఒకవైపే ఉంటుంది. పొట్టేలు వైపు కాదు, కత్తి ఎత్తినవాడి వైపు. వాడి మొహంలోకే చూస్తూ ఉంటుంది. "కత్తికి కన్నుంటే పట్టుకున్యోనికి సిగ్గుంటాది" అన్నాడు పుల్లన్న. ఇది నిజంగా జరిగిందో, వాళ్లింట్లో అల్లుకున్న కథో నాకు తెలియదు. మా ఊరి సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి నమ్మాను.

సూర్యచంద్రులనూ త్రిశూలాన్నీ చిన్న ఉలితో తీరుబడిగా చెక్కొచ్చు. కన్ను అలా కుదరదు. ఒక ఉక్కు ముద్ర కొసన చింతగింజంత కన్ను ఉంటుంది, పైరెప్ప, కిందిరెప్ప, నడుమ గుడ్డు. ఎర్రగా కాలిన కత్తి మీద ఆ ముద్రను నిలబెట్టి సమ్మెటతో ఒకే ఒక్క దెబ్బ కొట్టాలి. రెండో దెబ్బ పడితే రెప్పలు చెదిరిపోతాయి, ఆ కత్తి ఇక అమ్మకు పనికిరాదు. మొత్తం మళ్లీ మొదటి నుంచి. ఇప్పుడు మీరే లెక్క చూసుకోండి. పుల్లన్న ఎడమ చేతిలో కత్తిని పట్టిన పట్టుకారు. కుడి చేతిలో ముద్ర. మరి సమ్మెట ఎవరి చేతిలో ఉన్నట్టు?

కన్ను కొట్టే పొద్దు ఆడమనిషి కొలిమిలో ఉండకూడదని ఆచారం. ఆచారం పెట్టినవాళ్లకు పుల్లన్న భుజం సంగతి తెలియదు పాపం. అందుకని మా పెద్దలు ఒక ఉపాయం కనిపెట్టారు. కొలిమి చుట్టూ దుప్పట్లతో తెర కట్టించారు. లోపల పుల్లన్న ఒక్కడే ఉన్నట్టు, ఊరంతా బయట కూర్చుంటుంది. ఠంగుమని ఒక్క చప్పుడు. పుల్లన్న గుడ్డలో కత్తి చుట్టుకుని బయటికొస్తాడు. డప్పులు మోగుతాయి. పుల్లన్న తలకు పాగా చుట్టి, తొలి టెంకాయ చేతిలో పెడతారు. అమ్మవారి పాటలు పాడే ఆసాది గొంతెత్తి, కత్తి కొట్టిన కమ్మరుల పేర్లు ముత్తాత నుంచి పుల్లన్న దాకా వరసగా పిలుస్తాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, మా ఊరు ఊరంతా పుల్లన్నకు మూడు చేతులున్నాయని నమ్మింది. నేను పసుపు గిన్నె పట్టుకుని ముందు వరసలో కూర్చుని మరీ నమ్మాను.

మొదటిసారి ఆ దెబ్బ కోసం ఆమె నలభై రోజులు సాధన చేసింది. అది నేను నా అరుగు మీద నుంచి కళ్లారా చూశాను. పాత ఇనుప ముక్కలు కాల్చి, వాటి మీద ముద్ర పెట్టించి, ఒక్కొక్క దెబ్బ. చెదిరిన కళ్లు కొలిమి పక్కన కుప్పగా పడి ఉండేవి. ఒక పూట పుల్లన్న కసిరాడు కూడా, "చెయ్యి వణుకుతాండాది నీది."

"వణికేది చెయ్యి కాదు, కడుపు. పొద్దున్నుంచి ఒట్టి మజ్జిగే గదా తాగింది" అంది ఆమె. ఇద్దరూ నవ్వుకున్నారు. వాన లేని ఏడు అది. కొలిమికి పనీ లేదు, ఇంట్లో కొర్రలూ లేవు.

ఆరు దేవరలు, ఆరు కత్తులు, ఆరు దెబ్బలు. ఒక్కసారి కూడా కన్ను చెదరలేదు. డప్పులు గుడి వైపు కదిలాక, ఆమె వెనక గోడ సందులోంచి బయటపడి, చెంబెడు నీళ్లు తాగి, గుంపులో ఆఖరున వచ్చి నిలబడేది. అక్కడి నుంచి కత్తి కనపడదు. ముందున్న తలకాయలే కనపడతాయి. ఒక దేవరకు హేమావతి ఆమె పక్కన నిలబడి, "పోనీలే అక్కా, అమ్మకు తెల్సు గదా" అని ఓదార్చింది.

"అమ్మకు తెల్సులేమ్మా. ఆసాదికే తెల్దు" అంది ఆమె.

ఆ తర్వాత ఊరు మారింది. ట్రాక్టర్లొచ్చాయి. కొడవళ్లు ఉరవకొండ అంగళ్లలో ప్లాస్టిక్ కవర్లలో దొరుకుతున్నాయి. చుట్టూ గాలిమరలు తిరుగుతున్నాయి గానీ బోర్లలో నీళ్లు లేవు. వాళ్ల కొడుకు శశికుమార్ కొలిమి జోలికి రాకుండా ఉరవకొండలో వెల్డింగ్ షాపు పెట్టుకున్నాడు, కిటికీలకు గ్రిల్లులు చేస్తాడు. కొలిమి మాత్రం ఆరలేదు. వారానికి నాలుగు తొలికలొచ్చినా భార్యాభర్తలిద్దరూ ఎదురెదురుగా కూర్చునేవాళ్లు, ఆయన పట్టేవాడు, ఆమె కొట్టేది.

పుల్లన్న రెండేళ్ల కింద పోయాడు. పొగ మింగి మింగి ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని డాక్టర్లు చెప్పారు. పోయే ముందు రోజు నేను మంచం పక్కన కూర్చుని ఉన్నాను. ఆమె కాళ్లు పడుతోంది. ఆయన మాట తోడుకుని తోడుకుని అన్నాడు.

"ఆరు పాగాలు పెట్టెలో ఉండాయి. ఒక్కటి కూడా రెండో పొద్దు సుట్టుకోల్య నేను. అవి నీవే. వచ్చే దేవరకు తెర తీసెయ్యమని అడుగు. గంగాధరా, నువ్వు సాచ్చిం."

"అట్లనే అన్నా" అన్నాను. ఆయన చెయ్యి పట్టుకుని మరీ అన్నాను.

ఈ ఏడాది దేవర వచ్చింది. మాఘంలో గుడి మంటపంలో కమిటీ కూర్చుంది, పద్నాలుగు మందిమి. ఛైర్మన్ విజయభాస్కర్ రోడ్ల కాంట్రాక్టరు. మెడలో పార్టీ కండువా లేకుండా నేనాయన్ను చూడలేదు. "పుల్లన్న లేడు గదన్నా, ఇంగ ఆ కొలిమి యాల? బెంగుళూరులో లేజరు మిషన్‌తో కొట్టిస్తారు. రెండు పక్కలా కన్నులు పెట్టిద్దాం, ఫొటోలకు బాగుంటాది" అన్నాడు. ముసలివాళ్లు ఒప్పుకోలేదు. కత్తి ఊరి కొలిమిలోనే పుట్టాలన్నారు. మాట అక్కడుండగా సుబ్బలక్ష్మమ్మ మంటపం మెట్లెక్కి వచ్చింది. చేతిలో ఒక గుడ్డసంచి.

"ఏందమ్మా, ఇట్లొచ్చినావు?" అన్నాడు విజయభాస్కర్.

"కత్తి నేను కొడతానప్పా, ఎప్పుడూ కొట్టినట్లే. ఈతూరి తెర వొద్దు."

విజయభాస్కర్ నవ్వుతూ, "ఎప్పుడూ కొట్టినట్లా? ఎప్పుడు కొట్టినావమ్మా నువ్వు?" అన్నాడు.

ఆమె సంచిలోంచి ఆరు పాగాలూ తీసి బండ మీద పెట్టింది. మడత విప్పనివి, అంచుల దగ్గర పసుపు పట్టినవి. "ఇవి మీరు కట్టినవే. మా ఆయప్ప ఇంటికి రాంగనే తీసి నా ఒళ్లో పెడతాన్యాడు. ఆయప్పకు సిగ్గుండె. నాకు పాగా వొద్దు, టెంకాయ వొద్దు. తెర తీసేయండి. నేను కొట్టేది ఊరు సూడల్ల. ఆసాది నా పేరు ఒక్కతూరి పిలవల్ల. అంతే నేనడిగేది" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "గంగాధరప్పా, మా ఆయప్ప పోయేటప్పుడు నువ్వుంటివి గదా. ఏమన్యాడో సెప్పు."

పదమూడు మొహాలు నా వైపు తిరిగాయి. సగం మంది బంధువులు, సగం మంది పొద్దునా సాయంత్రం ఎదురుపడేవాళ్లు. ఛైర్మన్ కళ్లు నా మీదే ఉన్నాయి. నాకు బస్సు గుర్తొచ్చింది, ఎంతమంది మీద నోరు పారేసుకున్నానో గుర్తొచ్చింది. వాళ్లంతా తర్వాతి స్టాపులో దిగిపోయేవాళ్లు. వీళ్లు దిగరు. నీళ్లు నమిలాను. నమిలి నమిలి, "ఇంత కాలం జరిగినట్లే జరగనీ వదినా. ఇప్పుడు కొత్తగా యాల?" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. కాసేపు చూసి తల తిప్పుకుంది.

శశికుమార్‌ను ముందే పిలిపించి ఉంచారు. గుడికి కొత్త ఇనుప గేట్లు చేసే పని అప్పటికే వాడికి మాటిచ్చి ఉన్నారు. "కొడుకు గదా, హక్కు వానిది. శశి లోపలికి పోతాడు, బయటికొస్తాడు. తెర ఎనక ఏం జరిగితే మాకేల?" అన్నాడు విజయభాస్కర్. "వొద్దంటే చెప్పమ్మా, బళ్లారి నుంచి వేరే కమ్మరిని పిలుస్తాం. అప్పుడు ఆసాది మీ ఇంటి పేర్లు పిలిచేదే ఉండదు. పుల్లన్న పేరు కూడా."

"అమ్మా, ఎవురు కొట్టినా ఇనుమే గదా. ఊరితో మనకేల?" అన్నాడు శశికుమార్. చంకలో పెట్టుకుని కొలిమి పక్కన పెంచిన కొడుకు! నా చెయ్యి దురద పెట్టింది గానీ నేనేం తక్కువ తిన్నానని వాణ్ణి కొట్టను?

ఆమె ఆరు పాగాలూ తిరిగి సంచిలో పెట్టుకుంది. "సరేప్పా. తెర కట్టుకోండి. ఆయప్ప పేరన్నా ఉండనీ" అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

దేవరకు ముందు మూడు రోజులు ఎదురింట్లో ఆకురాయి చప్పుడు. కొలిమి చప్పుడు కాదు, ఉక్కును సన్నగా అరగదీసే చప్పుడు. పాత ముద్ర మొద్దుబారింది కాబోలు, సరి చేసుకుంటోంది అనుకున్నాను.

ఈసారి దుప్పట్లు కట్టలేదు, ఫ్లెక్సీ కట్టారు. భక్తులకు స్వాగతం చెబుతూ విజయభాస్కర్ నిలువెత్తు బొమ్మ. ఆ బొమ్మ వెనక కొలిమి. ముందు ఊరు. నేను పసుపు గిన్నెతో ఫ్లెక్సీ అంచున నిలబడ్డాను. తిత్తి బుసలు కొట్టింది. ఆగింది. ఠంగుమని ఒక్క చప్పుడు.

శశికుమార్ బయటికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా మీద చిన్న మసి మచ్చ కూడా లేదు. అదైనా ఎవరూ చూడలేదు. డప్పులు మోగాయి, పాగా చుట్టారు, టెంకాయ ఇచ్చారు. ఆసాది ముత్తాత నుంచి మొదలుపెట్టి పుల్లన్న మీదుగా శశికుమార్ దాకా వచ్చి ఆగాడు. కత్తి నా చేతిలో పెట్టారు. గుడ్డ విప్పాను. సూర్యుడు, చంద్రుడు, త్రిశూలం సరిగ్గా ఉన్నాయి. రెండో వైపు తిప్పాను.

కన్ను మూసుకుని ఉంది.

కిందికి వంగిన ఒకే ఒక్క గీత. దాని కింద అయిదు వెంట్రుకలు. గుడ్డు లేదు, పైరెప్ప లేదు. చెదిరింది కాదు, జారింది కాదు. నిద్రపోయే బిడ్డ కన్నులా, ఒక్క దెబ్బకు తీరుగా పడింది. మూడు రోజుల ఆకురాయి చప్పుడు ఏమిటో అప్పుడు అర్థమైంది.

తల ఎత్తాను. ఫ్లెక్సీకీ గోడకూ మధ్య జానెడు సందు. ఆ సందులో ఆమె సమ్మెట మీద చేతులు పెట్టుకుని, సూటిగా నన్నే చూస్తోంది. ఆమె ఎదురుచూస్తోంది. "ఏందప్పా ఇది, కన్ను మూసుకోనుండాది!" అని నేను ఒక్క కేక వేస్తే చాలు. డప్పులు ఆగుతాయి. ఎవరు కొట్టారు, ఎందుకిట్లా కొట్టారని ఊరు అడుగుతుంది. శశికుమార్ నీళ్లు నములుతాడు. ఆమె సమ్మెట పట్టుకుని ఆ బొమ్మను పక్కకు తోసుకుని బయటికొచ్చి చెబుతుంది. ఊరంతా కలిసి నోరు మూయించిన మనిషి నాకొక్క కేక అప్పగించింది. పసుపు పూసేవాడు చూడక తప్పదని ఆమెకు తెలుసు.

నేను గిన్నెలో వేళ్లు ముంచి పసుపు పూశాను. మందంగా పూశాను. దాని మీద విజయభాస్కర్ అర్ధరూపాయంత కుంకుమ బొట్టు పెట్టాడు. మళ్లీ తల ఎత్తేసరికి సందులో ఎవరూ లేరు.

వేటు వేసే జయరాముడు కత్తి పైకెత్తాడు. ఎత్తినవాడి మొహంలోకి చూడాల్సిన కన్ను ఆ రోజు ఎవరి మొహంలోకీ చూడలేదు. సాయంత్రం కత్తి కడిగి గుళ్లో పెట్టినప్పుడు ఆ కెమెరా ఆయన వచ్చి, చదువుకొచ్చిన పాఠం అప్పజెప్పి వెళ్లాడు. బాగా తెరుచుకున్న కన్ను! చేతిలో ఉన్నదాన్ని చూడను కూడా లేదు, చూసిన రెండు లక్షల మందికీ కనపడలేదు.

పైగా ఆ నెలలోనే మంచి పదును వాన పడింది. పదేళ్లలో పడని వాన. దేవర బాగా చేసినందుకే అమ్మ కరుణించిందని విజయభాస్కర్‌కు శాలువా కప్పారు. విత్తనం పడింది, చెనిక్కాయ మొలిచింది, కలుపు కూడా మొలిచింది.

మొన్న తొలిక పదును పోయి కొలిమికి వెళ్లాను. దేవర తర్వాత ఆ గడప తొక్కడం అదే మొదలు. ఆమె నా చేతిలోది అందుకుంది. తొలికను నిప్పుల్లో పెట్టి, పట్టుకారు నా చేతికిచ్చింది. "పట్టుకో అప్పా, ఒక్కదాన్నే గదా" అంది. పుల్లన్న కూర్చునే చోట కూర్చుని పట్టుకున్నాను. ఆమె కొట్టింది. అరవైకి దగ్గరపడిన మనిషి, దెబ్బ దెబ్బా పడాల్సిన చోటే పడుతోంది.

ఆపి, చెమట తుడుచుకుని, "ఎవురన్నా అడిగినారా అప్పా?" అంది.

ఏంది వదినా అని తెలియనట్టు అడగబోయి మానుకుని, "లేదు" అన్నాను.

"మావోడు కూడా సూల్యా. కత్తీ ముద్రా పట్టుకోమంటే, రవ్వలు పడతాయని మొగం పక్కకు తిప్పుకోని పట్టుకున్యాడు. పాగా సుట్టించుకునే తొందరలో గుడ్డ కూడా ఇప్పల్యా వాడు" అని నవ్వింది. ఆ నవ్వు వినలేకపోయాను. "కడుపు మండిపోతాందప్పా నాకు. ముప్పై ఏండ్లు ఆ తెర నన్ను దాస్తాండాదనుకుంటి. తెర లేకున్నా మీరు సూసేటోళ్లు కాదు. ఉత్తపుణ్యానికి దుప్పట్లు మసి చేసుకుంటిమి."

ఏదో ఒకటి అనాలి కాబట్టి, "మల్ల దేవరకు యట్ల వదినా?" అన్నాను.

"అయిదేండ్లు ఉండాది గదా. పాత ముద్ర పెట్టెలోనే ఉండాది, అరగల్యా. ఊర్లో ఒక్కరంటే ఒక్కరు, కన్ను యాల మూసినావని నన్నడిగితే, తెరిసిందే కొడతా."

తొలికను నీళ్లలో ముంచింది. చుయ్యిమని ఆవిరి లేచింది. తీసి నా ముందు పెట్టి, వెంటనే లేవకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని నా మొహంలోకి చూస్తూ కూర్చుంది.

నేను తొలిక తీసుకుని ఇంటికి వచ్చేశాను.